ఈఎంటీ శిక్షణలో చేరబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఈఎంటీ కోర్సు గురించి కనుక్కోవడానికి వచ్చే పిల్లలు అడిగేవి, చేరాక మొదటి నెలల్లో అడిగేవి ఇక్కడ కలిపి రాశాను. ఫీజులు, సీట్లు, జీతాలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. పాఠం సంగతులే ఎక్కువ. ఇది చదివేసి ఎవరికీ వైద్యం మొదలుపెట్టకండి. బొమ్మ మీద చేసి, ఆ తర్వాత పెద్దవాళ్ల కళ్లముందు మనిషి మీద చేసి నేర్చుకోవాల్సిన పని ఇది.

ఈఎంటీ అంటే అంబులెన్సులో ఉండే నర్సేనా?

కాదు. 108 బండిలో వెనక పేషెంటు పక్కన కూర్చునే మనిషి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ముందు బండి నడిపే అతన్ని పైలట్ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. అంతకుముందు మన ఊళ్లలో ఆటోనో జీపో ట్రాక్టరో దొరికితే అందులో వేసుకుని పోవడమే, దారిలో ఏమైనా అయితే దేవుడి మీద భారం.

రోగానికి పేరు పెట్టడం మీ పని కాదు, అది డాక్టరు చూసుకుంటాడు. ప్రాణం ఏ దారిన పోతోందో కనిపెట్టి, ఆ దారిని ఆపగలిగినంత ఆపి, ఆసుపత్రిలో అప్పగించడం మీ పని. ఇది వినడానికి చిన్నగా ఉంటుంది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. అంతసేపూ ఆ మనిషికి మీరు తప్ప ఇంకెవరూ లేరు. పట్నాల్లో పది నిమిషాలు నెట్టుకొస్తే సరిపోయే చదువు మన దూరాలకు చాలదు.

ఇంటర్‌లో బైపీసీ చదవలేదు. నెగ్గుకొస్తానా?

నెగ్గుకొస్తారు, మొదటి రెండు నెలలు కాస్త ఎక్కువ కష్టపడితే. అయితే చేరే ముందు ఆ కోర్సు ఎవరిని తీసుకుంటుందో, ఆ సర్టిఫికెట్‌తో మీరు వెళ్లాలనుకున్న ఉద్యోగం వస్తుందో లేదో విడివిడిగా కనుక్కోండి. ఈ రెండూ ఒకటి కాదు. ఉద్యోగ ప్రకటనల్లో ఒకసారి నర్సింగ్ అడుగుతారు, ఒకసారి లైఫ్ సైన్సెస్ డిగ్రీ అడుగుతారు. ప్రకటన చదవకుండా దళారి మాట నమ్మి డబ్బు కట్టొద్దు.

ఏ కోర్సు మంచిది?

ఈఎంటీ బేసిక్, ఈఎంటీ అడ్వాన్స్‌డ్ అని నైపుణ్య శిక్షణ కోర్సులున్నాయి. డిప్లొమా, బీఎస్సీ స్థాయిలోనూ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ ఉంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ పనిని కూడా తన జాబితాలో చేర్చింది. ఆ చట్టం లెక్కన అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే చదువు కనీసం 2,000 గంటలుండాలి. మున్ముందు ఈ రంగంలోనే ఉండదలచుకున్నవాళ్లు ఆ అంకెను గుర్తుపెట్టుకోండి.

కాలేజీని ఒక్క ప్రశ్న అడగండి చాలు: క్యాజువాలిటీలో ఎన్ని గంటలు, లేబర్ రూములో ఎన్ని గంటలు, అంబులెన్సులో ఎన్ని గంటలు పెడతారు? జవాబుకు నీళ్లు నమిలితే లేచి రండి. ప్రొజెక్టరు మీద చూసి సక్షన్ చేయడం (గొంతులో చేరిన చొంగ, నెత్తురు గొట్టంతో పీల్చి తీయడం) ఎవడికీ రాదు.

శరీరం గురించి ఎంత తెలియాలి? 206 ఎముకల పేర్లూ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. ఎముకల పేర్లు మెల్లగా వస్తాయి. ముందు అర్థం కావాల్సింది రక్తప్రసరణ. బోరు కింద మడికి నీళ్లు పారాలంటే మోటారు తిరగాలి, పైపు బాగుండాలి, బోరులో నీళ్లుండాలి. ఒంట్లోనూ అంతే: గుండె, రక్తనాళాలు, రక్తం. మూడింట్లో ఏది చెడినా మెదడుకు, మూత్రపిండాలకు రక్తం అందదు. దాన్నే షాక్ అంటాం. గుండెపోటులో గుండె చెడుతుంది. ఒంటికి పడని మందు వికటించినప్పుడు నాళాలు వదులైపోతాయి. యాక్సిడెంటులో రక్తం పోతుంది.

పరీక్షలోనూ పనిలోనూ పిల్లలు తడబడేది ఇక్కడే. 70 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 750 మిల్లీలీటర్లు పోయినా పైకి పెద్దగా తెలియదు. ఇంకా పోతుంటే నాడి 100 దాటుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కుదురుగా ఉండడు, నీళ్లు నీళ్లంటాడు. బీపీ మాత్రం నిలబడే ఉంటుంది. దాదాపు 30 శాతం రక్తం పోయాకగానీ అది పడిపోదు. కాబట్టి బీపీ 110 ఉంది, పర్వాలేదు అని ఊపిరి పీల్చుకోవద్దు. తొడ ఎముక విరిగితే చర్మం చిట్లకపోయినా ఆ తొడలోకే లీటరు, లీటరున్నర రక్తం చేరిపోగలదు. బైకు మీద నుంచి పడ్డ కుర్రాడి ప్యాంటు కత్తిరించి చూడమని చెప్పేది అందుకే. ప్యాంటు కొత్తదని వాళ్లమ్మ వద్దంటుంది. అయినా కత్తిరించాలి.

సంఘటన స్థలానికి చేరగానే మొదట గాయం చూడాలా?

మొదట మీ కాళ్ల కింద చూసుకోండి. హైవే మీద వెనక నుంచి లారీ వస్తోందా, పొలంలో మోటారు వైరు తెగి పడిందా, బావిలో ఒకడు స్పృహ తప్పి పడుంటే కాపాడబోయిన రెండోవాడూ అక్కడే పడున్నాడా? కరెంటు ఆపకుండా ముట్టుకోవద్దు. గాలి ఆడని బావిలోకి, సంపులోకి దిగొద్దు, ఫైర్ వాళ్లను పిలవండి. మీరూ పడిపోతే ఇంకో 108 రావాలి.

తర్వాత వరుస ఇది. రక్తం చిమ్ముతుంటే దాన్ని అదిమిపట్టడం. గొంతు దారి తెరిచి ఉందా చూడటం. ఊపిరి ఎలా ఆడుతోంది, నాడి ఎలా ఉంది, స్పృహ ఎంతుంది అన్నవి ఆ తర్వాత. చివర బట్టలు తొలగించి తల నుంచి కాళ్ల దాకా వెతకడం. ముఖం నిండా నెత్తురుతో కేకలు పెట్టేవాడి దగ్గరికి అందరూ పరిగెత్తుతారు. కేకలు పెడుతున్నాడంటే గొంతు దారి బాగుందని అర్థం. పక్కన ఏ చప్పుడూ లేకుండా పడున్నవాడి దగ్గరికి మీరు పోవాలి.

ఏ అంకెలు కంఠతా ఉండాలి?

పెద్దవాళ్లకు నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20, బీపీ 120/80 దరిదాపుల్లో, ఆక్సిజన్ 95 శాతం, ఆపైన. స్పృహ కొలిచే గ్లాస్గో స్కేలులో కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6. మొత్తం 15. అన్నిటికన్నా తక్కువ 3, సున్నా కాదు (ఏ బ్యాచిలోనైనా సున్నా రాసేవాడు ఒకడుంటాడు). 8కి దిగితే గొంతు దారిని ఆ మనిషి కాపాడుకోలేడు, మీరే కాపాడాలి.

అంకె ఒక్కసారి చూసి వదిలేస్తే లాభం లేదు. పరిస్థితి విషమంగా ఉంటే 5 నిమిషాలకోసారి, నిలకడగా ఉంటే 15 నిమిషాలకోసారి చూడండి. అది ఎటు నడుస్తోందన్నదే ముఖ్యం. శ్వాసను మాత్రం యంత్రాన్ని నమ్ముకోకుండా పొట్ట, ఛాతీ చూసి మీరే లెక్కపెట్టండి. అందరూ అంచనాగా 18 రాసేస్తారు, ముందు చెడేది అదే.

సీపీఆర్ కోర్సులో నేర్పుతారు కదా, ముందే తెలియాల్సింది ఏముంది?

ఛాతీ మధ్యలో, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 నొక్కులకు 2 ఊపిరులు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. 2 నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎంత కండ ఉన్నవాడైనా సరే.

చెప్పాల్సింది ఇంకొకటుంది. గుండె ఆగిన మనిషి కొన్ని నిమిషాలు ఎగశ్వాస తీస్తాడు, చేప నోరు తెరిచినట్టు అప్పుడొకటి ఇప్పుడొకటి. ఇంట్లోవాళ్లు "ఊపిరి ఆడతాంది సార్, పానముంది" అంటారు. అది శ్వాస కిందికి రాదు. పిలిస్తే పలకడు, మామూలు శ్వాస లేదు అంటే నొక్కడం మొదలుపెట్టాలి.

ఆక్సిజన్ సిలిండర్ లెక్క ఎవరికీ అర్థం కావడం లేదు. ఎలా వేయాలి?

లెక్కలంటే భయం ఉన్నవాళ్లు కూడా దీన్ని వదలకూడదు, ఎందుకంటే మన పెద్ద కేసులు హైదరాబాదుకో బెంగళూరుకో తిరుపతికో పోతాయి.

సిలిండరులో నీళ్లు పోస్తే ఎన్ని లీటర్లు పడతాయో దాన్ని గేజీ బార్లలో చూపే పీడనంతో గుణించండి. బి టైపు సిలిండరుకు సుమారు 10 లీటర్లు పడతాయి. గేజీ 150 చూపిస్తే 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉన్నట్టు. పూర్తిగా ఖాళీ చేయరు, 20 దగ్గర మార్చేస్తారు. అంటే వాడుకోగలిగింది 130 ఇంటూ 10, 1,300 లీటర్లు.

కర్నూలు నుంచి హైదరాబాదుకు ఒక పేషెంటును నిమిషానికి 10 లీటర్ల చొప్పున మాస్కుతో తీసుకెళ్తున్నారనుకుందాం. ట్రాఫిక్కు కలుపుకుని 4 గంటలు. 240 ఇంటూ 10, 2,400 లీటర్లు. ఒక నిండు సిలిండరు రెండు గంటల పది నిమిషాలకే అయిపోతుంది. రెండు నిండు సిలిండర్లుంటే 2,600, గట్టెక్కుతారు. కానీ రెండోది నిండుగా ఉందని మీరు కళ్లారా గేజీ చూశారా? దారిలో టైరు పంక్చరయితే? అందుకని మూడోది ఎక్కించుకోవాలి. బండి కదిలే ముందు ఈ లెక్క చీటీ మీద వేసి పైలట్‌కు చూపించడం అలవాటు చేసుకోండి, ఎక్కడ ఆగాల్సి వస్తుందో అతనికీ తెలియాలి.

ఆక్సిజన్ అందరికీ నిండుగా పెట్టేయడం కూడా తప్పే. 94 పైన ఉంటే చాలామందికి అవసరమే లేదు. ఏళ్ల తరబడి బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడైన పెద్దాయనలకు 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు.

పాము కరిచిన కేసులు నిజంగా అంత ఎక్కువ వస్తాయా?

వానలు పడి వేరుశనగ చేలల్లో పని మొదలయ్యాక తప్పకుండా వస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ మన దగ్గర దొరికే విరుగుడు మందు ఒకటే. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని రావాల్సిన పని లేదు. ఫోటో ఉంటే చాలు, లేకపోయినా నష్టం లేదు.

మీరు చేరేసరికి కాటు పైన తాడో చీర పేలికో బిగించి కట్టేసి ఉంటారు, బ్లేడుతో కోసి ఉంటారు, పసరు పోసి ఉంటారు. తిట్టకండి, టైము పోతుంది. కరిచిన చేయినో కాలినో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద కట్టి కదలనివ్వకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయండి. నడిపించొద్దు. ముందే బిగించి ఉన్న కట్టును మాత్రం తొందరపడి తెంచొద్దు. దాని కింద నిలిచిన విషం ఒక్కసారిగా పైకి రావచ్చు. 108 డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆయన చెప్పినట్టు చేయండి.

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, చాలాసార్లు గాటూ కనపడదు. తెల్లారి లేచి కడుపునొప్పి అంటారు, గొంతు పట్టేసింది అంటారు. గ్యాసేమోలే అని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. అప్పటికీ మనిషికి లోపల అన్నీ వినబడుతుండొచ్చు. మీరు అంబు బ్యాగుతో, అంటే చేత్తో నొక్కి ఊపిరి పంపే సంచితో, ఊపిరి అందిస్తూ ఆసుపత్రి దాకా తీసుకుపోతే బతికే మనిషి అతను. రాత్రి నేల మీద పడుకుని పొద్దున్నే రెప్పలు వాల్చినవాణ్ని చూస్తే, పాము అని ఎవరూ చెప్పకపోయినా, మీరు అనుమానపడాలి.

పురుగుల మందు తాగిన కేసులో ఏం చూడాలి?

ఏ మందు, ఎంత, ఎప్పుడు, డబ్బా ఎక్కడ? డబ్బాను బండిలో వేసుకోండి. కంటిపాపలు సూదిమొనంత అయిపోయి, నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర ఉంటే పత్తికీ మిరపకీ కొట్టే ఒక రకం మందుల లక్షణం అది. ప్రాణం పోయేది ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో నిండి. కాబట్టి సక్షన్, ఆక్సిజన్, ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టడం. విరుగుడుగా అట్రోపిన్ డాక్టరు చెప్పిన ప్రకారమే.

వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు పోయనివ్వొద్దు. గ్లవ్స్ వేసుకుని, తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు నీళ్లతో కడగండి, ఆ మందు చర్మం గుండా మీ ఒంట్లోకీ దిగుతుంది. ఇంకో మాట: ఎందుకు తాగినావురా అని వెంట వచ్చిన మామో అన్నో దారంతా తిడుతుంటాడు. ఆయన్ను పైలట్ పక్క సీటుకు పంపించేయండి. మీరు కూడా ఆ ప్రశ్న అడగొద్దు.

ఎండదెబ్బకు సెలైన్ పెడితే సరిపోదా?

సరిపోదు. ఒళ్లు 40 డిగ్రీలు దాటి, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఫిట్స్ వస్తున్నా అది వడదెబ్బ. బేతంచర్ల, తాడిపత్రి నాపరాళ్ల గనుల్లోనూ, ఉపాధి హామీ పనుల దగ్గరా మే నెలలో చూస్తారు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదేమో అనుకోకండి, ఎండలో ఒళ్లొంచి పనిచేసినవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. ముందు చల్లబరచండి: నీడ, బట్టలు వదులు చేయడం, ఒళ్లంతా నీళ్లు, గాలి. ఐసు ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో మజ్జిగ పోయొద్దు.

బండిలోనే కాన్పు అయితే?

అవుతుంది, భయపడకండి. బిడ్డ తల కనబడుతుంటే బండి పక్కకు ఆపించండి. కదిలే బండిలో కాన్పు చేయడం సాహసం కాదు, తెలివితక్కువ. తలను చేత్తో ఆనించి మెల్లగా రానివ్వండి, లాగొద్దు. మెడకు బొడ్డుతాడు చుట్టుకుందేమో వేలితో చూడండి. బిడ్డను వెంటనే తుడిచి తల్లి పొట్ట మీద పెట్టి కప్పండి. ఏడ్చిన బిడ్డకు బొడ్డు కోయడానికి ఒక నిమిషమన్నా ఆగొచ్చు. తుడిచినా ఊపిరి తీయకపోతే ఆ మొదటి నిమిషంలోనే చిన్న బ్యాగుతో నిమిషానికి 40 నుంచి 60 ఊపిరులు.

మాయను లాగొద్దు. అందరూ బిడ్డను చూసి మురిసిపోతుంటారు. మీ కన్ను తల్లి కింద పరిచిన గుడ్డ మీద ఉండాలి. రక్తం అర లీటరు దాటితే అది ప్రమాదం. నెలలు నిండిన ఆమెను వెల్లకిలా కాకుండా ఎడమపక్కకు పడుకోబెట్టి తీసుకెళ్లాలి, లేదంటే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి బీపీ పడిపోతుంది.

తాగి పడిపోయాడని ఊరంతా చెబుతుంటే?

షుగర్ చూడండి. 70 కన్నా తగ్గినవాడు తాగినవాడిలాగే తూలుతాడు, తిడతాడు, చెమటలు కక్కుతాడు. నిజంగా తాగినవాడికి కూడా తలకు దెబ్బ తగిలి ఉండొచ్చు. వాసన వచ్చిందని పరీక్ష మానేయొద్దు.

44వ నంబరు హైవే మీద బస్సు బోల్తా పడితే ఇద్దరమే ఏం చేయగలం?

వైద్యం కన్నా ముందు వర్గీకరణ, అంటే ఎవరిని ముందు చూడాలో రంగు చీటీలతో విడదీయడం. "నడవగలిగినవాళ్లు ఆ చెట్టు కిందికి రాండి" అని గట్టిగా పిలవండి. వచ్చినవాళ్లు ఆకుపచ్చ. మిగిలినవాళ్లలో గొంతు దారి తెరిచినా ఊపిరి లేనివాళ్లు నలుపు. శ్వాస 30 దాటినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, చెప్పిన పని చేయలేకపోయినా ఎరుపు. తక్కినవాళ్లు పసుపు. ఒక్కొక్కరికి అర నిమిషం మించొద్దు. నలుపు చీటీ కట్టి ముందుకు పోవడం చాలా కష్టం, మొదటిసారి ఎవరికైనా చేయి ఆడదు.

పిడుగు పడిన చోట ఈ లెక్క తిరగబడుతుంది. గొర్రెలు మేపుతూ చెట్టు కింద నిలబడ్డ నలుగురి మీద పిడుగు పడితే, చనిపోయినట్టు కనబడేవాళ్ల దగ్గరికే ముందు పోవాలి. ఊపిరి, గుండె ఆగినా వెంటనే సీపీఆర్ చేస్తే లేచి కూర్చునే అవకాశం వాళ్లకుంది. మూలుగుతున్నవాళ్లు ఎలాగూ బతుకుతారు.

సాయం చేసినవాళ్లు పోలీసు కేసంటే భయపడతారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇస్తుందని చెప్పండి. పేరు చెప్పమని వాళ్లను బలవంతపెట్టకూడదు.

మందులు మేమే ఇవ్వొచ్చా?

మీకు నేర్పిన ప్రోటోకాల్‌లో ఉన్నవి, డాక్టరు ఫోనులో చెప్పినవి మాత్రమే. చెప్పిన మందు పేరు, మోతాదు తిరిగి ఆయనకే వినిపించి, సరేనన్నాక ఇవ్వండి. గుండెనొప్పికి ఆస్పిరిన్ నమిలించడం చూసి పక్షవాతం కేసుకూ ఇచ్చేద్దామనిపిస్తుంది. వద్దు. మెదడులో రక్తం కారుతోందో గడ్డకట్టిందో స్కానింగు తీయకుండా ఎవరికీ తెలియదు. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా మీరు కనుక్కోవాల్సింది ఒకటే: ఆ మనిషి చివరగా ఎప్పుడు బాగున్నాడు? గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. "పొద్దున్నుంచి" అంటే ఒప్పుకోవద్దు, గడియారం టైము రాబట్టండి.

ఆడపిల్లలు ఈ పని చేయగలరా?

చేస్తున్నారు. నొప్పులు పడుతున్న ఆమె పక్కన ఆడమనిషి ఉంటే ఎంత ధైర్యమో అడిగి చూడండి. స్ట్రెచర్ ఎత్తడం బలం కన్నా పద్ధతి: నడుము వంచకుండా మోకాళ్లు వంచి, ఇద్దరూ ఒకే మాట మీద లేపాలి. నైట్ డ్యూటీ దిగాక ఇంటికి ఎలా వెళ్తారన్నది మాత్రం ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. మానుకోమంటారా?

వద్దు. చాలామందికి క్యాజువాలిటీ పోస్టింగు మొదటి వారాల్లో పోతుంది. చేతికి పని ఉన్నప్పుడు కళ్లు తిరగవు, ఊరికే నిలబడి చూస్తేనే తిరుగుతాయి.

ఇంగ్లీషు రాదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే కదా?

పదాలు నేర్చుకుంటే చాలు, వ్యాసాలు రాయమని ఎవరూ అడగరు. పేషెంటు రికార్డు మాత్రం శుభ్రంగా నింపాలి: ఎన్నింటికి చేరారు, ఏం చూశారు, ఏం చేశారు, ఎన్నింటికి అప్పగించారు. "తాగి ఉన్నాడు" అని రాయకండి, "నోటి నుంచి మద్యం వాసన" అని రాయండి. ఆ కాగితం కోర్టుకూ పోతుంది.

అన్నట్టు, ఇంగ్లీషు కన్నా మన మాటే ఎక్కువ అవసరం. "ఎదలో పట్టేసినట్టుంది", "కండ్లు బైర్లు కమ్ముతాండాయి", "కాళ్లల్లో సత్తువ లేదు" అని అవ్వ చెబితే అందులోంచి మీరు గుండెనో షుగరునో పట్టుకోవాలి.

కోర్సు మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. ఇంట్లో ఏం చేయొచ్చు?

ఇంట్లో ప్రతి ఒక్కరి నాడి, శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. చిన్నపిల్లలవి కూడా. అబ్బకు, జేజికి షుగరో బీపీయో ఉంటే వాళ్ల మాత్రల పేర్లు రాసుకుని, ఏది దేనికో మందులషాపు అతన్ని అడగండి. మీ మండలంలో రాత్రిపూట డాక్టరు ఉండే ఆసుపత్రి ఏది, పాము విరుగుడు మందు ఎక్కడుంటుంది, రక్తనిధి ఎక్కడుంది, వంక పొంగితే ఏ దారి మూసుకుపోతుంది, ఇవి తెలుసుకోండి. ఈతా, టూవీలరూ రాకపోతే నేర్చుకోండి. గోళ్లు కత్తిరించుకుని రండి, గ్లవ్స్ చిరుగుతాయి.